వంక ఒడ్డున నా బొమ్మ

జూలై 2, 1984, సోమవారం

సినిమా వాళ్లు మళ్లీ వచ్చారు. రెండు వ్యాన్లు, ఒక జీపు, వెనక జనరేటరు లారీ. ముందు చూసింది మా బడి పిల్లలే. ఏడో ఎక్కం సగంలో వదిలేసి కిటికీల మీద పడ్డారు. నేను పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

రెండో భాగం తీస్తారట. దెయ్యం మళ్లీ లేస్తుందట. దెయ్యం అంటే నేనే కదా.

జూలై 3

డైరెక్టరు గారు ఇంటికి వచ్చారు. రెండేళ్లలో జుట్టు సగం పోయింది, మాటలో బెల్లం మాత్రం తగ్గలేదు. మొదటి సినిమాలో నా ముఖం దగ్గరగా చూపించినప్పుడల్లా హాలంతా కేకలు పెట్టిందని మళ్లీ చెప్పారు, అదేదో నాకు సన్మానం జరిగినట్టు. నా తెల్లమచ్చలు దేవుడు వేసిన మేకప్పట. "మీరు లేకపోతే రెండో భాగమే లేదమ్మా."

నాయన గడప మీద కూర్చుని పగ్గం పేనుతున్నాడు.

ఆనాడు ఎందుకు ఒప్పుకున్నాను? రాయడానికి సిగ్గుగానే ఉంది. అయినా ఇది ఎవరు చదువుతారు గనక. ముప్పై రెండేళ్లు అందరూ నా ముఖం చూసి చూపు తిప్పుకున్నారు. పెళ్లిచూపులకు వచ్చినాయన కాఫీ గ్లాసునే చూసి లేచిపోయాడు. కెమెరా తిప్పుకోలేదు. అంతే.

జూలై 5

మద్రాసు నుంచి వచ్చిన హీరోయిన్ ఎండకు కళ్లు తిరిగి పడిపోయింది. జీపులో గుత్తి స్టేషనుకు పంపించేశారు. జనరేటరు పొద్దున్నే మొరాయించింది. రాత్రి సీన్లన్నీ మిట్టమధ్యాహ్నమే తీస్తున్నారు — కెమెరా ముందు నీలం అద్దం పెడితే ఈ ఎండే వెన్నెల అవుతుందట. ఒకసారి నన్నూ అందులోంచి చూడమన్నారు. మా చేను కనపడింది, నీలంగా, చల్లగా. అద్దం తీస్తే మళ్లీ ఎర్రటి దుమ్ము.

జూన్‌లో పడిన ఒక్క వానకు వేరుశెనగ వేశాం. మొలకలు వచ్చాయి. ఆ తర్వాత ఆకాశం మా ముఖం చూడలేదు.

జూలై 7, శనివారం

షూటింగు ఆగిపోయింది. ఊళ్లో మగవాళ్లంతా వ్యాన్ల ముందు బైఠాయించారు. ముందు ఊరిపెద్ద పెద్దరెడ్డి.

గొడవ ఆ బొమ్మ గురించి. మొదటి సినిమా చివర్లో దెయ్యమైన ఆడమనిషిని వంక ఒడ్డున పూడుస్తారు. దానికోసం నా ముఖానికి తడి సున్నపుపిండి లాంటిది పూసి అచ్చు తీశారు. ఊపిరి ఆడడానికి ముక్కులో రెండు గొట్టాలు. ఆ అచ్చులో అదే పిండితో గట్టిగా ముఖం పోసి, మచ్చకు మచ్చ రంగు వేసి, గడ్డితో ఒళ్లు చేసి, నా ఆకుపచ్చ చీరే కట్టి పూడ్చారు. సీను అయిపోయింది. బొమ్మను తీయకుండానే సామాను సర్దుకుని పోయారు. ఊరంతా చూసింది.

అప్పటినుంచి రెండేళ్లు వానలు సరిగా లేవు. ఇలా తెల్లమచ్చల తొన్ను ఉన్న మనిషిని పూడిస్తే ఈ నేలకు వాన ఆగిపోతుందని ఇక్కడి నమ్మకం. తవ్వి తీసి కాల్చాలి.

"మనిషైతేనేం, బొమ్మైతేనేం? మా కండ్ల ముందరే పూడ్చినారు. పంతులమ్మ మొగమే అది. దాన్ని తీసి కాల్చేదాంక ఈడ మీ మిషను తిరగదు" అన్నాడు పెద్దరెడ్డి. నేను పదడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. ఎవరూ నా వైపు చూడలేదు.

డైరెక్టరు కోప్పడతాడనుకున్నాను. పెద్దరెడ్డికి కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. ఎవరు తవ్వుతారు, ఎవరు ఎత్తుతారు, తల ఎటు పెడతారు — అన్నీ అడిగి నోటుబుక్కులో రాసుకున్నాడు. ఆ పెన్ను పరుగు చూసి నాకు అర్థమైంది.

జూలై 8

అనుకున్నదే. నిజంగా జరిగేదాన్నే తీస్తాడట. అదే రెండో భాగానికి చివరి సీను. "దీనికంటే మంచి సీను నేను రాయలేనమ్మా." తవ్వాక నేను ఆ గుంతలో పడుకోవాలట. దగ్గరగా ఒక్క షాట్. కళ్లు తెరవాలి, అంతే. రేపు చెబుతానన్నాను.

నాకు పదేళ్లప్పుడు, చచ్చిపోతే పూడ్చిన మా మేనత్తను తవ్వి తీశారు. ఆమెకూ ఇవే మచ్చలు. నాకు రోజూ జడ వేసేది ఆమే. నన్ను ఇంట్లో పెట్టి తలుపు గొళ్లెం వేశారు. నేను మిద్దె ఎక్కి చూశాను. గడ్డపార మా ఇంటిదే. ఇచ్చింది నాయనే, ఆమె తమ్ముడు.

ఇరవై నాలుగేళ్లలో ఆయన్ని ఎప్పుడూ అడగలేదు. ఇవాళ సంగటి పెడుతూ అడిగాను, అప్పుడు వాన వచ్చిందా అని.

ముద్ద అలాగే పట్టుకుని కూర్చున్నాడు. "రాలా పాపా. ఆ యేడంతా రాలా."

జూలై 9

పడుకోనని చెప్పేశాను. బొమ్మను కాల్చుకోండి, ఆపడానికి నేనెవరిని, ఆ గుంతలో మాత్రం దిగను అన్నాను. డైరెక్టరు బతిమాలాడు, సినిమా ఆగితే తన బతుకు రోడ్డున పడుతుందన్నాడు, ఊరి కోసం అనుకోమన్నాడు. ఊరి కోసమట! ఒళ్లు మండిపోయింది. రెండేళ్ల కిందట ఆ బొమ్మను తీసి వ్యాన్లో పడేసుకుని ఉంటే ఇవాళ నాకు ఈ గతి పట్టేది కాదు అని ముఖానే అనేశాను.

జూలై 10

మొలకలు తలలు వాల్చేశాయట. నాయన అన్నం ముట్టలేదు.

జూలై 11, బుధవారం

వెళ్లకూడదనుకున్నాను. వెళ్లాను.

మిట్టమధ్యాహ్నం. కెమెరాకు నీలం అద్దం. మూడు చోట్ల తవ్వితే మూడో చోట దొరికింది. చీర మొత్తం చివికిపోయింది. ముఖానికి ఏమీ కాలేదు. కళ్లు మూసుకుని, మట్టి అంటుకుని — నేనే. అందరూ దాన్ని చూశారు, తర్వాత నన్ను చూశారు. ఎవరూ చూపు తిప్పుకోలేదు. ఒకప్పుడు నేను కోరుకున్నది ఇదే. భూమిలోకి దిగిపోదామనిపించింది.

ముందు ఇంటి మనిషే ఎత్తాలి, అది ఆచారం. పెద్దరెడ్డి నాయన వైపు చూశాడు. నాయన గుంతలోకి దిగాడు. భుజం మీది టవలు తీసి బొమ్మ ముఖం మీద కప్పాడు. చిన్నప్పుడు చేనులో నిద్రపోతే నన్ను ఎలా ఎత్తుకొచ్చేవాడో, అలాగే రెండు చేతుల మీద ఎత్తాడు.

"ఆ టవలు తీయండి పెద్దాయనా, ముఖం కనపడట్లేదు" అని అరిచాడు డైరెక్టరు.

"కనపడాల్సిన పని ల్యేదప్పా" అన్నాడు నాయన. అలాగే నడిచి కట్టెల మీద పెట్టాడు.

నిప్పు పెట్టగానే అందరూ ఊరివైపు తిరిగి నడిచారు. వెనక్కి చూడకూడదు, అదీ ఆచారమే. నేనూ చూడలేదు. కెమెరా వాళ్లు రీలు అయిపోయిందని మంటలుండగానే సర్దేశారు.

ఇంటికొచ్చాక ఏడుపు ఆగలేదు. నాయన పెరట్లోనే ఉండిపోయాడు.

జూలై 13

వ్యాన్లు పోయాయి. మిగతాది మద్రాసులో సెట్టు వేసి తీస్తారట. డైరెక్టరు వెళ్తూ చేతులు జోడించాడు. వాన పడితే ఒక ఉత్తరం ముక్క రాయాలట, పోస్టరు మీద వేసుకుంటారట.

ఇవాళ మూడో రోజు. చచ్చిపోయినవాళ్లకు ఎముకలు ఏరడానికి పోయినట్టే నాయన పొద్దున్నే ఒక్కడూ వంకకు పోయాడు. టవల్లో చుట్టి ఏదో తెచ్చాడు. విప్పాడు.

ముఖం కాలలేదు. గడ్డి, గుడ్డ బూడిద అయ్యాయి, ముఖం అలాగే ఉంది. పొగకు నల్లబడింది, రంగంతా పోయింది. నా ముఖం అంతా ఒకే రంగులో చూడడం ఇదే మొదటిసారి. చాలాసేపు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

నాయన దాన్ని అటక మీద గోనెసంచుల వెనక పెట్టాడు. ఊరికి చెప్పలేదు. అంతా బూడిదైందనే అనుకుంటున్నారు.

జూలై 16

రెండో తరగతి పాప నోటుబుక్కు దిద్దించుకుంటూ అడిగింది. "టీచరమ్మా, నువ్వు సచ్చిపోతే నిన్ను పూడ్చరంట గదా? మా జేజెమ్మ చెప్పినాది."

ఒత్తులు సరిగా రాయమన్నాను. ఎర్రసిరా చుక్క పేజీ మీద పడింది.

జూలై 18, బుధవారం

మధ్యాహ్నం నుంచి పడమట మబ్బు. చాలా రోజుల తర్వాత నల్లటి మబ్బు. బడి వదిలి వస్తుంటే పెద్దరెడ్డి అరుగు మీది నుంచి పలకరించాడు, ఎన్నడూ లేనిది. "మబ్బు పట్టినాది చూసినావా పంతులమ్మా." ముఖమంతా నవ్వు.

వాన పడకపోతే చేను పోతుంది. ఈ ఏడు పోతే నాయన లేవలేడు. పడితే — తవ్వి కాలిస్తే వస్తుందని ఊళ్లో ముసలాళ్ల నుంచి రెండో తరగతి దాకా ఖాయమైపోతుంది. తర్వాత నేను. నా తర్వాత ఇంకెవరో మచ్చలున్న పిల్ల.

కాల్చడానికీ వానకూ సంబంధం లేదని, అసలు అది కాలనే లేదని చూపించాలంటే అటక మీది ముఖం తెచ్చి ఊరి నడుమ పెట్టాలి. రేపు మబ్బు తేలిపోతే దాన్ని ఏం చేస్తారో, నన్ను ఏం చేస్తారో.

నాయన అదే ఆలోచిస్తున్నాడు. "కాల్లేదని మనకు తెలుసు గదా పాపా" అన్నాడు.

గాలి చల్లబడింది. మట్టి వాసన ఎక్కడి నుంచో వస్తోంది, యాడో పడుతున్నట్టుంది. నాయన ముంగిట్లోకి దిగి చెయ్యి చాపి నిలబడ్డాడు. పడాలని నోరు తెరిచి అనడం లేదు. నా వైపు చూస్తున్నాడు, నేను అంటానేమోనని...