విప్పిన ముడుపు

బోయిన్‌పల్లి, సికింద్రాబాద్

అమ్మకు,

నీ పెద్దకూతురు పార్వతి దణ్ణాలు పెట్టి రాసేది. నీ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? చెల్లి చేత చదివించుకుంటావు కదా, ముందు కూర్చో.

ఇక్కడ చలి మొదలైంది. కర్రీ పాయింట్‌లో నా పని అలాగే సాగుతోంది. ఇంట్లో తమ్ముడికి ఉప్పు లేకుండా వండి వండి, అక్కడా వేయడం మరిచిపోతున్నాను. "ఏందమ్మా, గిట్ల చప్పగ జేస్తే ఎవరు కొంటరు?" అని ఓనరమ్మ రోజూ తిడుతోంది.

మిషను ఆపేశారని తమ్ముడు సింహాచలం ఫోన్లో చెప్పగానే నయమైపోయిందనుకున్నావు. దేవుడి గూట్లో వాడి పేరున కట్టిన ముడుపు విప్పి, అమ్మవారికి చెల్లించి, వీధంతా పానకం పంచావట. నీ తొందర మండా! ఎందుకాపారో ఒక్కమాట అడగొద్దా? అడిగినా వాడు చెప్పడులే, నేను చెబుతున్నాను. వాడి గుండె ఇక డయాలసిస్‌ని తట్టుకోదట. పెడితే మిషను మీదే పోతాడట. వేరే దారి చూడమని డాక్టరు కాళ్లు పట్టుకున్నాను. లేదన్నాడు.

ఆఖరిసారి మిషను పెట్టిన రోజు వాడు నర్సును అడిగాడు. "ఇన్నాళ్లు చేయించుకున్నాను, డయాలసిస్ అంటే ఏటమ్మా?"

"గ్రీకు మాటన్నా గది. లైసిస్ అంటే ముడి విప్పుడు, వదులు చేసుడు. రక్తంలకెల్లి చెడును ఇడదీస్తది, గందుకే ఆ పేరు."

వీడు నవ్వాడు. "పేరెట్టినోడు బాగానే ఎట్టాడు. అయితే నన్నూ ఇప్పీండి, ఇంటికెల్లిపోతాను."

ఆ పిల్ల మొహం తిప్పుకుంది. అమ్మ కట్టిన ముడుపు ఇంకా గూట్లో ఉంది కదా అని నేను ధైర్యం తెచ్చుకున్నాను. మర్నాడే నువ్వు విప్పేశావు.

నీ వల్ల అయిందనుకోకు అమ్మా. కట్టినా విప్పినా డాక్టర్ల మాట ఇదే. ఎవరినో ఒకరిని తిట్టాలి కదా, నువ్వు దొరికావు.

ఊరికి తీసుకొద్దామంటే ప్రయాణం వాడికి పడదంటున్నారు. ఈ ఉత్తరం పట్టుకొచ్చిన మీ అల్లుడి వెంట వెంటనే రైలెక్కు. వాడి ముందు మాత్రం ఏడవకు. పెద్దమ్మకు, మావయ్యకు నా దణ్ణాలు చెప్పు. నన్ను తర్వాత దీవిద్దువుగాని, ముందు వచ్చి వాడి తల మీద చెయ్యి పెట్టు.

ఇట్లు,
నీ పార్వతి

మరొక్క మాట. వచ్చేటప్పుడు మన చెట్టు కొబ్బరిబొండాలు కోయించి తీసుకురా. వాడు నోరు తెరిచి అడిగాడు. ఇన్నాళ్లూ డాక్టరు చుక్క కూడా ముట్టనివ్వలేదు. ఇప్పుడు ఎంత తాగినా పరవాలేదన్నాడు.