వరుసలో నా చెప్పులు

2012, శ్రావణ మంగళవారం. ఎల్లారెడ్డి.

గడ్డి కోస్తుంటే వేలు తెగి కామారెడ్డి దవాఖానకు పోయాను. యూరియా బస్తాల కోసం దుకాణం ముందు పెట్టినట్టే, ఎమర్జెన్సీ గది ముందు చెప్పులు వరుసలో పెట్టి కూర్చున్నాను. తర్వాత ఒకతను భార్యను ఎత్తుకొచ్చి, తన చెప్పులు నా చెప్పుల వెనక విడిచాడు. నర్సు ఆమెనే ముందు పిలిచింది. నేను తలుపుకు అడ్డం నిలబడ్డాను.

"నా చెప్పులు ముందున్నయి. గామె మూలుగుత గూడ లేదు, గంత తొందరేంది?"

"పాము కరిచింది, తాతా! మూలిగే బలం గూడ లేదామెకు. జరుగు!" నర్సు కసిరింది.

జరిగాను. అప్పటికే ఆమె మెడ వాలిపోయింది.

వేలికి కట్టు కట్టించుకుని బయటికొస్తే ఆ మనిషి చేతులు జోడించాడు.

"ఏమనుకోకు బాపూ, నీ వరుస తప్పించి పోయినం."

ఎవరి ముందూ తల వంచని నేను, ఆమె ఎట్లా ఉందని అడగకుండానే తల దించుకున్నాను. చెప్పులు చేత పట్టుకుని బస్టాండుకు నడిచాను. బతికిందో లేదో...