ముందు సీటు దీపం

కహమార్కా,
జూలై 17.

ప్రియమైన రుబియేల్‌కి, మీ నూబియా రాస్తున్నది.

కార్మెన్ మాత దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. ఆ నది ఒడ్డున మీరూ, మీ బడి పిల్లలూ అలాగే ఉన్నారని తలుస్తాను. ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలని మా అమ్మ నేర్పింది. చేతికి అలవాటైపోయింది, కాబట్టి కొట్టేయకుండా ఉంచుతున్నాను.

మీ ఉత్తరం సోమవారం అందింది. విమానంలోనే తడిసిందో, మీ దగ్గరే తడిసిందో, పొయ్యి పక్కన పెట్టి ఆరబెట్టుకుని చదివాను. అత్తయ్య గురించి రెండు వరుసలు రాశారు, బండి గురించి రెండు పేజీలు రాశారు. తప్పు పట్టడం లేదు లెండి. అంత దూరాన అడవిలో కూర్చుని మీరు బాగుచేయగలిగింది బండి ఒక్కటే కదా. మీకు ఉత్తరాలు తెచ్చే పైలట్‌కి కూడా సరిగ్గా ఇదే బండి ఉండటం, ఆయన ప్రతి జబ్బుకీ ఒక మందు చెప్పడం చదివి అత్తయ్య ఒకటే నవ్వు. "వాడు విమానం నడుపుతున్నప్పుడైనా విమానం సంగతి ఆలోచిస్తాడా?" అంది.

ముందు మీ ప్రశ్నలకి జవాబులు రాసేస్తాను.

పొద్దున చలిలో మొదటి గేరులో వణుకు తగ్గిందా అని అడిగారు. తగ్గలేదు. చర్చి పక్క ఎత్తు ఎక్కేటప్పుడు ఒక్క క్షణం ఏ గేరులో ఉండాలో తోచనట్టు ఆగిపోతుంది, ఆ తర్వాత వెనక నుంచి ఎవరో తన్నినట్టు దూకుతుంది. మన వీధి చివర షెడ్డు ఎవేలియో గారికి చూపించాను. ఆయన కింద దూరి, పైకి లేచి, చేతులు తుడుచుకుని, "కొత్త బళ్ళన్నీ ఇంతేనమ్మా. పాత జీపులకి జబ్బు చేస్తే పొగ వదిలేవి, మనకి తెలిసేది. ఇవేమో తెర మీద ఉత్తరాలు రాస్తాయి, అదీ మనకి రాని భాషలో" అన్నాడు.

తెర ఇంకా నల్లబడుతూనే ఉంది. అది నల్లబడ్డప్పుడు రేడియో మాత్రం ఆగదు, మనం ఆపలేం. మొన్నామధ్య అత్తయ్య జపమాల తిప్పుతూ కళ్ళు మూసుకుని ఉంటే లోపల నుంచి ఒకడు గొంతు చించుకుని గోల్, గోల్ అని అరిచాడు. పైలట్ చెప్పినట్టే బండి ఆపి, దిగి, తాళం వేసి, కాసేపు నిలబడి మళ్ళీ తీస్తే బాగవుతుంది. రోడ్డు పక్కన బండికి తాళం వేసి దాని ముందు దిక్కులు చూస్తూ నిలబడితే లారీల వాళ్ళు ఏమనుకుంటారో మీ పైలట్‌ని అడగండి.

పొగమంచులో ఎదురుగా ఏమీ లేకపోయినా దానంతటదే బ్రేకు వేసుకోవడం కూడా పోలేదు. మలుపుల్లో లారీ నీడ పడితే చాలు, ఉలిక్కిపడుతుంది. ఆ ఏర్పాటు ఆపేయొచ్చు, కానీ బండి ఆపి మళ్ళీ తీసేసరికి తిరిగి వచ్చేస్తుంది. ఎర్రదీపం దగ్గర ఆగితే ఇంజను ఆరిపోవడం మాత్రం జబ్బు కాదట, పెట్రోలు మిగల్చడానికట. అది ఎన్నిసార్లు చెప్పినా అత్తయ్య నమ్మదు. ఇంజను ఆగిన ప్రతిసారీ శిలువ గుర్తు వేసుకుని, "పోయింది పాపం" అంటుంది. మళ్ళీ దానంతటదే రాగానే, "దీన్ని పోనివ్వరన్నమాట, నా లాగే" అంటుంది. మొదట్లో అది వేళాకోళం అనుకున్నాను.

ముందు సీట్లో అద్దం దగ్గర వెలిగే పసుప్పచ్చ దీపం గురించి కూడా అడిగారు. ఆ పక్కన ఎవరూ కూర్చోలేదు, కాబట్టి ఆ వైపు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోదు అని చెప్పే దీపం. దాని సంగతి చివర్లో రాస్తాను, ఓపిక పట్టండి.

ఇక వెనక తలుపు. ఎవరూ ముట్టుకోకుండా తెల్లారేసరికి పైకి లేచి ఉండటం, రాత్రంతా లోపల దీపాలు వెలిగి బ్యాటరీ చచ్చిపోవడం. ఇది కంప్యూటరు లోపమనీ, కంపెనీ వాళ్ళు కొత్తగా ఎక్కించాలనీ పైలట్ అన్నాడని రాశారు. ఎవేలియో గారు కూడా మొదట అదే అనుకున్నాడు. మూడుసార్లు వైర్లు అతికించి లేపాడు, నాలుగోసారి తల గోక్కున్నాడు. "అమ్మా, ఈ బండి ఆదివారం బాగుంటుంది, సోమవారం బాగుంటుంది. మంగళవారం, గురువారం, శనివారం మాత్రమే చస్తుంది. దీనికి కేలెండరు ఎవరు చూపించారు?" అన్నాడు.

మంగళ, గురు, శనివారాలు అత్తయ్యకి ఇబాగే ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేయించే రోజులని మీకు చెప్పనక్కర్లేదు. ఏడింటికల్లా కుర్చీలో ఉండాలి. ఎవేలియో గారు వచ్చి బండి లేపేసరికి ఎనిమిదయ్యేది, అప్పటికి ఆ కుర్చీ ఇంకొకరికి ఇచ్చేసేవారు. బస్సులో ఆ మలుపులు ఆవిడ ఒంటికి పడవనే కదా మనం ఈ బండి కొన్నది. మే నెలలో రెండుసార్లు తప్పింది, జూన్‌లో ఐదుసార్లు. మీకు ఒకటి రెండని రాశాను.

జూన్ ఆఖర్న ఆవిడ దిండు గలీబు మారుస్తుంటే బండి రెండో తాళం చెవి కిందపడింది.

"ఇదేంటత్తయ్యా?"

"తాళం చెవి."

"అది కనిపిస్తూనే ఉంది. మీ దిండులో ఎందుకుంది?"

ఆవిడ కిటికీ వైపు తిరిగి, "బొత్తాం నొక్కితే వెనక తలుపు లేస్తుంది. అది తెల్లారేదాకా లేచి ఉంటే బండి ఇంక కదలదు. ఈ సంగతి నాకు మాత్రం ఏం తెలుసు? మన ఎవేలియోనే చెప్పాడు, నా ముందే, వేళ్ళు చూపించి మరీ. మంచి గురువు" అంది.

నాకు నవ్వొచ్చింది, రుబియేల్. దేవుడు నన్ను క్షమించాలి, మంచం మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వాను. ఆవిడా నవ్వింది. నవ్వీ నవ్వీ ఆయాసం వచ్చి దగ్గు పట్టుకుంది, వీపు రాస్తుంటే నా చేతికి ఎముకలు తప్ప ఏమీ తగల్లేదు. అప్పుడు చెప్పింది.

"నాలుగేళ్ళయిందమ్మాయ్. దార్లో రానూ పోనూ రెండు గంటలు, కుర్చీలో నాలుగు గంటలు. ఇంటికొచ్చి మర్నాటిదాకా పీనుగులా పడుకుంటాను. లేచేసరికి మళ్ళీ వెళ్ళాల్సిన రోజు వస్తుంది. నాకంటూ మిగిలేది ఒక్క సోమవారం. ఒక్క సోమవారం కోసం వారమంతా ఎవరు బతుకుతారు?"

"మరి ఆయనకి చెప్పాలి కదా, అత్తయ్యా."

"చెప్పావో, విమానం ఎక్కి వచ్చేస్తాడు. వచ్చి ఏడుస్తాడు. వాడు ఏడిస్తే నేను కాదనలేను, మళ్ళీ వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంటాను. బండి పాడైందనే రాయి. బండి మీద కోపం వస్తే వాడు తిట్టుకుంటూ అన్నం తింటాడు. నా మీద వస్తే తినడు."

నేను చేసింది చెబుతాను. కొత్త గలీబు తొడిగాను. తాళం చెవి తీసి మళ్ళీ దాని లోపలే పెట్టాను.

పోయిన ఉత్తరంలో గేర్ల పెట్టె ఇబాగే పంపించారనీ, అత్తయ్యని ఎవేలియో గారి జీపులో తీసుకెళుతున్నాననీ రాశాను. అబద్ధం. గేర్ల పెట్టె ఎక్కడికీ పోలేదు. బండి మన వాకిట్లోనే ఉంది, ఆ వెనక తలుపు లేపకపోతే ఏ రోజు తీసినా కదిలేది. మీరు ఆ గేర్ల పెట్టె మీద రాసిన పేజీన్నర చదువుతూ నేను పడ్డ సిగ్గు మా అమ్మ కడుపున పుట్టాక ఎప్పుడూ పడలేదు.

ఇంకొకటి ఉంది. అది అత్తయ్యకి కూడా చెప్పలేదు. మే నెలలో మొదటిసారి బండి కదలనప్పుడు, తాళం చెవి సంగతి ఇంకా తెలియనప్పుడు, నేను చీకటి పోని వాకిట్లో చక్రం పట్టుకుని కూర్చుని సంతోషపడ్డాను. ఈ ఒక్క రోజూ ఆ మలుపులు లేవు, ఆ వాసన లేదు, గోడకి ఆనుకుని నాలుగు గంటలు ఆవిడ ముఖం తెల్లబడటం చూడక్కర్లేదు అనుకున్నాను. లోపలికి వెళ్ళి వేడి చాక్లెట్ కాచి, ఇద్దరం జున్ను ముక్కలు అందులో వేసుకుని తాగాం. ఆవిడ ప్రాణం మీద ఆవిడకి హక్కుందని ఊళ్ళో ఎవరైనా నన్ను ఓదార్చవచ్చు. కానీ ఆవిడ అలసట ఎక్కడ ఆగిందో, నా అలసట ఎక్కడ మొదలైందో నాకే తెలియడం లేదు. మీరు నన్ను తిట్టాల్సి వస్తే దానికి తిట్టండి.

ఈ నెల ఆరో తారీఖున ఆఖరిసారి ఇబాగే వెళ్ళాం. ఆవిడే వెళదామంది, చెప్పకుండా మానేయడం మర్యాద కాదని. అర్రకాచా దుంపలు ఒక సంచీడు డాక్టరమ్మకి ఇచ్చి, "ఇంక రానమ్మా" అంది. డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడింది, తర్వాత కాగితం మీద సంతకం పెట్టించుకుంది, నొప్పికి చుక్కల మందు రాసిచ్చింది. నన్ను పక్కకి పిలిచి, వారం, మహా అయితే పది రోజులని చెప్పింది. ఇవాళ పదకొండో రోజు.

మీ నది ఊళ్ళ వైర్‌లెస్ రేడియోలో మీకు కబురు చేసి ఉండవచ్చు. నది పొడుగునా అన్ని ఊళ్ళూ వింటాయని కాదు నేను చేయనిది. ఊరేగింపు అయ్యేదాకా ఆగమని, ఆ తర్వాతైనా ఉత్తరమే రాయమని ఆవిడ నా చేత ఒట్టు వేయించుకుంది. నిన్న పదహారో తారీఖు, బళ్ళు నడిపేవాళ్ళని కాచే కార్మెన్ మాత పండుగ. మీ నాన్నగారి లారీలో నలభై ఏళ్ళు ముందు సీట్లో కూర్చుని ఆ ఊరేగింపుకి వెళ్ళిన మనిషి, ఈసారి మాత్రం వెనక పడుకుని వెళుతుందా? పొద్దున్నే రెండో తాళం చెవి తనే తీసి నా చేతిలో పెట్టింది. "ఇవాళ బండి కదలాలి" అంది.

బండికి తెల్ల బుడగలు, గోధుమరంగు రిబ్బన్లు కట్టాను. నీలం గౌను వేసి, ఆవిడని నా రెండు చేతుల మీద ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టాను. లారీలు, బస్సులు, పాల జీపులు అన్నీ హారన్లు మోగిస్తూ బారులు తీరాయి. మా ముందు, చెడిన బళ్ళని లాగే ఎవేలియో గారి లారీ. ఫాదర్ నీళ్ళు చల్లుతూ వచ్చేసరికి ఆలస్యమవుతోందని ఎవేలియో గారు దిగి మా కిటికీ దగ్గరికి వచ్చాడు. ఊరికే నిలబడ్డాడు కదా అని ఆ దీపం చూపించాను. ఆవిడ కూర్చుని ఉన్నా ఈస్టర్ అయ్యాక మలుపుల్లో వెలిగి ఆరేది, జూన్ నుంచి ఆరడమే మానేసింది, ఇది కూడా పాడైందా అని అడిగాను. ఇన్నాళ్ళూ ఆవిడ కింద వేసిన దిండు వల్ల అనుకున్నాను, నిన్న దిండు కూడా వేయలేదు.

"పాడవలేదమ్మా. సీటు కింద బరువు చూసేది ఒకటుంటుంది. ఇంత బరువుంటే మనిషి అనుకుంటుంది. అంతకంటే తక్కువైతే..." అని, ఆవిడ వైపు చూసి ఆగిపోయాడు. టోపీ తీసేశాడు.

"చెప్పవయ్యా, ఆగావేం?" అంది అత్తయ్య. "తక్కువైతే ఏమనుకుంటుంది?"

"ఖాళీ సీటు అనుకుంటుంది, ఓలివమ్మా."

ఆవిడ ఆ దీపం వంక వేలు చూపించింది. "ఈస్టర్ నుంచి చెబుతోందన్నమాట. మీ అందరి కంటే ఇదే నయం, చూసింది చూసినట్టు చెప్పింది. వాడికి రాయి నూబియా, బండిలో ఏ లోపమూ లేదని రాయి" అంది. అంతలో ఫాదర్ వచ్చి నీళ్ళు చల్లాడు. ఆవిడ నాలుక మీద పడ్డ చుక్కలు చప్పరించింది. డాక్టర్లు కొలిచి తాగమన్న నీళ్ళు నాలుగేళ్ళుగా గుక్కలు లెక్కపెట్టుకుని తాగిన మనిషి కదా.

అందుకే రాస్తున్నాను. పైన బాగున్నామని రాసిన వరుస కొట్టేయండి. నిన్న మధ్యాహ్నం నుంచి ఆవిడ కళ్ళు తెరవడం తక్కువ. మీ నాన్నగారితో మాట్లాడుతోంది, లారీ టైర్లు చూసుకోమంటోంది. ఈ ఉత్తరం పొద్దుటి బస్సుకి ఇస్తే మంగళవారం విమానానికి అందుతుంది. అదే విమానంలో మీరు బయలుదేరితే గురువారానికి ఇక్కడుంటారు. అప్పటికి ఆవిడ ఉంటుందని మాట ఇవ్వలేను. ఉండదనే అనుకుంటున్నాను. ఇబాగే బస్టాండులో దిగండి, నేను బండితో వచ్చి ఉంటాను. ఏమన్నా అనాలంటే దార్లో అనండి, గంట దారి ఉంది.

నిన్న ఊరేగింపు నుంచి వచ్చాక ఆవిడని ఎత్తి లోపల పడుకోబెట్టి, బండి నీడలో పెడదామని మళ్ళీ వచ్చాను. గేరు వణకలేదు, తెర నల్లబడలేదు, రేడియో కూడా నోరు మెదపలేదు. పక్క సీటు మీద ఆవిడ జపమాల మర్చిపోయింది. తీసుకుందామని చెయ్యి చాచి అద్దం వైపు చూశాను. ఆవిడ కూర్చుని ఉన్నప్పుడు ఆ దీపం ఎలా వెలిగిందో, ఆవిడ దిగిపోయాక కూడా అలాగే వెలుగుతోంది.

ఇట్లు,
ముందు మీ అమ్మకి కోడలూ, ఆ తర్వాతే మీకు భార్యా అయిన
నూబియా