ఎక్కించే ముందు అడగాల్సిందట

వెర్నా, బీన్స్ పొయ్యి మీద ఉన్నాయి, వేడి చేసుకుని తిను. పదింటికి ఇన్సూరెన్సు వాళ్లు ఫోన్ చేస్తారు, ఎత్తు. మొన్న నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్లిన అంబులెన్సు బిల్లు కట్టరట. "అది మా లిస్టులో లేని కంపెనీ సార్, ఎక్కించే ముందు అడగాల్సింది" అంది నిన్న ఫోన్‌లో వాళ్ల ఆఫీసు పిల్ల. "మా ఆవిడ పెదాలు నీలంగా అయిపోతుంటే బండి ఎవరిదని అడగమంటావా తల్లీ?" అన్నాను. ఫోన్ పెట్టేసింది. నువ్వు మెత్తబడకు, అప్పీలు పెడతామని గట్టిగా చెప్పు. కోళ్ల ఫ్యాక్టరీలో పని మానేద్దామంటే ఆ పనితో వచ్చిన ఈ దిక్కుమాలిన ఇన్సూరెన్సు కూడా పోతుంది, దాంతో నీ పీల్చే మందూ పోతుంది. అందుకే నోరు మూసుకుని పనికి పోతున్నాను.

ఇంకో మాట. మళ్లీ ఆయాసం వస్తే తన ట్రక్కులో తీసుకెళ్లమని పక్కింటి డ్వేన్‌తో చెప్పి పెట్టావట. వద్దని వాడికి చెప్పేశాను. దారిలో ఊపిరాగితే వాడేం చేస్తాడు? అంబులెన్సునే పిలువు. బిల్లు చూసి తిట్టుకోవడానికైనా నా పక్కన నువ్వుండాలి.