నీ కోడ్‌లో నీ మాటలు

అన్నా,

ఎట్లున్నావని అడగాలనిపిస్తుంది... అడిగి ఏం చేయను? నువ్వు పోయి ఏడాది దాటింది. కడప బస్టాండు దగ్గర మన ఇంటర్నెట్ సెంటర్ నడుస్తూనే ఉంది. ఇప్పుడు షట్టరు తీసేదీ, వేసేదీ నేనే.

నువ్వు జావాస్క్రిప్ట్‌లో రాసిన టైపింగ్ పేజీ గురించి చెప్పాలి. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడేది కదా. కువైట్‌లో ఉన్న భర్తకు మెయిల్ రాయడానికి మస్తాన్‌బీ దానికోసమే వచ్చేది. నువ్వు పోయిన కొన్నాళ్ళకు ఆమె దాన్ని వదిలేసింది. ఎవరిదో కంపెనీ అట్లాంటి పేజీనే రంగులతో పెట్టింది. పైగా నీ దాంట్లో ‘జ్ఞ’ పడదు, అందులో పడుతుంది. ఒక్కొక్కరే అందరూ అటే పోయారు.

ఒక మధ్యాహ్నం ఇంటర్నెట్ లైను పోయింది. మస్తాన్‌బీ ఆ కంపెనీ పేజీలో కొడుతున్నా అక్షరాలు పడటం లేదు. నీ పేజీ ఒకసారి తెరుచుకుంటే చాలు, లైను లేకున్నా పనిచేసేది. మరి దీనికెందుకు లైను?

పేజీలోని ప్రోగ్రామ్ మన కంప్యూటర్‌లోకే వచ్చి నడుస్తుందని, దాన్ని తెరిచి చూడొచ్చని నువ్వే కదా చూపించావు. “మన మిషన్లో నడిచేది మనం సదవలేకపోతే, అది మన మాట ఇంటాందో ఇంగెవరి మాట ఇంటాందో యాడ తెలుస్తాది పాపా?” అనేవాడివి. అప్పుడు సరిగ్గా వినలేదేమో...

ఆ కంపెనీ పేజీని అట్లే తెరిచాను. అంతా సందు లేకుండా ఒకే వరుస. పేర్లన్నీ ఏ, బి, సి. విడగొట్టుకుంటూ చదివితే తెలిసింది, కొట్టే ప్రతి అక్షరమూ ముందు వాళ్ళ కంప్యూటర్‌కు పోయి, ఆ తర్వాతే తెర మీద పడుతోంది. ఇంకొకటీ తెలిసింది. అక్షరాల పట్టిక నీదే. నువ్వు పొరపాటున రెండుసార్లు రాసిన ‘ళ’ కూడా అట్లే ఉంది.

నీ మాటలే లేవు. వరుసల మధ్య నువ్వు రాసుకున్నవి... “ఈడ శానా జాగ్రత్త, ఒత్తు తిరగబడతాది” లాంటివి. కంప్యూటర్‌కు వాటితో పని లేదు, తీసేశారు.

మస్తాన్‌బీకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె “మా ఇంట్లో మాటలు వాల్లకెందుకమ్మా?” అంది.

కంపెనీకి రాశాను. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని కూడా అందరికీ తెరిచే ఉంచాలని నువ్వు నీ కోడ్ మొదట్లోనే రాసిపెట్టావని గుర్తుచేశాను. తాము చాలా మెరుగుపరిచామని జవాబిచ్చారు. మళ్ళీ మళ్ళీ రాస్తే పేజీ అడుగున చిన్న అక్షరాల్లో నీ పేరు పెట్టారు. కోడ్ మాత్రం అందరూ చదవగలిగేట్టు తెరిచి పెట్టలేదు. దీన్ని గెలుపనాలా అన్నా?

ఇక మన పేజీనే బాగుచేయాలనుకున్నాను. జావాస్క్రిప్ట్ నాకేం వచ్చు... నువ్వు రాసుకున్న మాటలు పట్టుకునే నడిచాను. ఒకచోట ఆగిపోయాను. “జ్ఞ ఈడ ఎందుకు ఎగిరిపోతాందో తెలీదు. రేపు సూస్తా” అని ఉంది. ఆ వరుస దాటి కిందికి పోవడానికి మనసొప్పలేదు. నెలలు పట్టింది గానీ ఇప్పుడు ‘జ్ఞ’ పడుతుంది. దాని కిందే “చూశాను అన్నా” అని రాశాను.

మస్తాన్‌బీ మన పేజీకి తిరిగొచ్చింది. అందరూ రాలేదు. రంగులు కావాలన్నవాళ్ళు అక్కడే ఉన్నారు.

కర్నూలు కాలేజీలో లెక్చరర్ ఒకాయన నీ పేజీ తీసుకుని తెలుగు అంకెలు కూడా పడేట్టు చేశాడు. చేసింది నాకు పంపించాడు, వివరంగా, తన మాటలు కూడా రాసి. వచ్చే వారం వాళ్ళ పిల్లలకు నన్నే వచ్చి చూపించమన్నాడు. నలుగురి ముందు నిలబడి ఎప్పుడైనా మాట్లాడానా నేను? భయంగా ఉంది.

అయినా పోతాను. ఫైలు తెరిచి, నీ మాటలతో సహా పైనుంచి చదువుతాను. నాకు తెలియనిచోట తెలియదనే చెప్తాను.

నీ చెల్లెలు
పద్మ