గుమ్మం దాటని రైలు

నంద్యాల,
6 జూన్ 1983

చెల్లెలు కృపమ్మకు,

పొద్దున బట్టలుతికి, జొన్నలు మర ఆడించి, నీ కూతురు సుగుణ కోసం ముందుగది కడుగుదామని వెళ్లి ఆగిపోయాను. గదినిండా మీ బావ బొమ్మ రైలే. రిటైరైన గార్డు నతానియేలు, రాజరత్నం పంతులు, ఈయన కలిసి ఆరునెలలుగా పెద్ద బల్ల మీద పట్టాలు పరుస్తున్నారు. మనవళ్లు ముట్టుకుంటే మాత్రం కసురుతారు.

వచ్చే సోమవారం సుగుణ కాలేజీలో చేరాలి, బల్ల తీయండి అన్నాను.

"ఇంకా ఆళ్లగడ్డ స్టేషన్ కట్టాల వదినా," అన్నాడు నతానియేలు.

"గవర్మెంటే ఆ ఊరికి రైలు ఇయ్యలేదు. మీరిస్తారా?"

"గవర్మెంటుకు తీరిక యాడిది? మాకుంది గదా!"

ముగ్గురూ ఒకటే నవ్వు. గది లేదంటే మీ ఆయన పిల్ల చదువే మాన్పిస్తాడని చెప్పాక ఆ నవ్వు ఆగింది. లేచి బల్ల ఎత్తారు. అది గుమ్మంలో పట్టలేదు. గదిలోనే కూర్చుని చెక్కలు కొట్టిన ఈ పెద్దమనుషుల్లో ఒక్కరికీ తలుపు కొలవాలని తోచలేదు. ముప్పై ఏళ్లు రైళ్లు సాగనంపిన గార్డుకు "అడ్డం తిప్పప్పా, నిలువు తిప్పప్పా" అని కేకలు వేయడమే పని.

చివరికి వడ్లంగి చెన్నయ్యను పిలిచి, ఆళ్లగడ్డ కట్టాలనుకున్న చోటే బల్ల కోయించాను. రంపం ఆడినంతసేపూ మీ బావ వీధిలోకి వెళ్లి నిలబడ్డారు.

గది ఖాళీ. ఆదివారం ప్రార్థన కాగానే పిల్లను బస్సెక్కించు. చెన్నయ్య కూలి మీ బావ సిగరెట్ల డబ్బులోంచి ఇచ్చేశాను, ఇక బాకీ లేదు.

నీ అక్క