పెన్సిల్ గీత

డిసెంబర్ 23, హవల్లీ

పోయిన క్రిస్మస్ ముందు రోజు నా భార్య సునీత పొద్దున్నుంచీ గులాబీ పువ్వుల పిండివంట చేసింది. ఎడమ చెయ్యి లాగుతోందని ఒక్కసారే అంది. నేను విని ఊరుకున్నాను. సాయంత్రం పాటలు పాడటానికి వచ్చిన చర్చివాళ్ళకు టీ ఇచ్చి, వంటింట్లోనే కూలిపోయింది.

వాళ్ళమ్మ ఇచ్చిన చర్చి స్త్రీల కూటం పాత పుస్తకాన్ని సునీత పోయాకే చూశాను. అందులో ఒక పేజీలో, పండగపూట ఇల్లాలు తన నొప్పి చెప్పి ఇంట్లో సంతోషం చెడగొట్టకూడదని ఉంది. దాని కింద సునీత గీసిన పెన్సిల్ గీత.

ఈ రోజు ఆ పుస్తకం పొయ్యి పక్కన అదే పేజీ దగ్గర తెరిచి ఉంది. మా అమ్మాయి గ్రేస్ గులాబీ పువ్వులు వేయిస్తూ ఆగి, గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు డాడీ. మీరు అడ్డం నిలబడితే పువ్వులు మాడతాయి. పండగయ్యాక చూద్దాంలే."

పోయినేడు సునీత కూడా పండగయ్యాకే చూద్దామంది.

రేపు పొద్దున పొయ్యి వెలిగించనివ్వను. గ్రేస్‌ను ఆసుపత్రికి తీసుకెళ్తాను.